నూటపది దగ్గర మబ్బు

కుండాయన భార్యను చంపింది ఆమె సొంత తమ్ముడు. ఒక కాగితం రాశాడు, అక్క చేత సంతకం పెట్టించాడు, కొలతల బల్ల దగ్గర నుంచి లేపి ప్యాకింగు గదికి పంపాడు. ఐదు నెలలకు ఆమె పోయింది. ఇందులో కుండాయనకు ఎక్కడా అనుమానం లేదు. అడిగినవాళ్ళకు చెప్పాడు, అడగనివాళ్ళకూ చెప్పాడు. ఆమె ఛాతీలో జబ్బు అంతకుముందే మొదలైందని డాక్టరు అన్నాడు. డాక్టర్లు ఏదో ఒకటి అనాలి కదా.

ఆ తమ్ముడు ఎక్కడో దూరాన ఉంటే కొంత నయంగా ఉండేది. గోడ అవతలే ఉన్నాడు. ఫ్యాక్టరీ ఇచ్చిన ఇళ్ళు వరసగా ఒకే కప్పు కింద ఉంటాయి. కుండాయన వంటగదికీ బావమరిది వంటగదికీ మధ్య ఒంటి ఇటుక గోడ. అటు కుళాయి తిప్పితే ఇటు గొట్టం మూలుగుతుంది. అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది. ఇల్లు మారాలంటే పని మానాలి. పని మానితే ఇల్లు ఉండదు. పోనీ పనిలోకి వెళదామంటే అక్కడా అతనే, షిఫ్టు ఇన్‌చార్జి.

ఏడాదిగా కుండాయన అతనితో నేరుగా మాట్లాడలేదు. ఎదురుగా నిలబడి ఉన్నా సరే, కూతురి వైపు తిరిగి, "మీ మామయ్యతో చెప్పు, మూడో నంబరు వాల్వు కారుతోందని" అనేవాడు. ఇన్‌చార్జి కూడా ఆ అమ్మాయి వైపే తిరిగి, "మీ నాన్నతో చెప్పు, చూశానని" అనేవాడు. మధ్యలో ఆమె నోరు తెరవాల్సిన పనే పడేది కాదు. మోటార్లు బాగుచేసే ఆయన ఈ తంతు చూసి, "ఈ పిల్లకు బల్ల దగ్గర ఒక ఉద్యోగం, టెలిఫోను స్తంభం ఉద్యోగం ఒకటి" అని నవ్వేవాడు. కుండాయన నవ్వేవాడు కాదు.

అక్కడ తయారయ్యేది వడపోత పొర. నీళ్ళలో మురికిని ఆపే పలుచని తెల్లని పొర. ప్లాస్టిక్ గింజల్ని సాల్వెంటులో, అంటే వాటిని కరిగించే ద్రవంలో వేసి కుండలో కాస్తారు. కుండ అంటే ఇద్దరు మనుషుల ఎత్తు ఉక్కు పీపా, లోపల తిరిగే రెక్కలు, చుట్టూ ఆవిరి గొట్టాలు. దాన్ని కాసేవాడు కాబట్టే అతను కుండాయన. బాగా కాగాక గింజలు కరిగి నీళ్ళలా తేటపడతాయి. దాన్ని పలుచగా పరిచి, రోలరు మీద చల్లారుస్తారు. చల్లారుతూ చల్లారుతూ ఒక చోట అది మబ్బు పడుతుంది. ప్లాస్టిక్ సాల్వెంటును విడిచి పలుకులు కట్టడం మొదలుపెడుతుంది, సీసా అడుగున తేనె పలుకు కట్టినట్టు. పలుకుల మధ్య చిక్కుకున్న సాల్వెంటును తర్వాత కడిగేస్తే సన్నటి చిల్లులు మిగులుతాయి. ఈ పాట్లన్నీ ఆ చిల్లుల కోసమే. వేగంగా చల్లారిస్తే చిన్నవి, నిదానంగా చల్లారిస్తే పెద్దవి. మబ్బు ఎంత వేడి దగ్గర పడుతుందో ముందే తెలిస్తేనే రోలరు వేడి ఎంత పెట్టాలో తెలుస్తుంది.

అది చెప్పేది కుండాయన భార్య. ప్రతి తయారీ నుంచీ కొంత ఆరు గాజుగొట్టాల్లోకి తీసి, మూతులు మంటలో కరిగించి మూసేవాళ్ళు. అవి మేడ మీది బల్ల దగ్గరికి చేరేవి. అక్కడ చిన్న తొట్టిలో నిమిషానికి ఒక్క డిగ్రీ చొప్పున చల్లారేవి. గొట్టం వెనక తెల్ల అట్ట, అట్ట మీద నల్లగీత. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని ఆ గీత వైపే చూస్తూ కూర్చునేది. గీత మాయం కాగానే "మబ్బు" అనేది. థర్మామీటరు మీద ఆ క్షణాన ఉన్న అంకె రాసేది. పంతొమ్మిదేళ్ళు అదే పని. ఒక్కసారి కూడా తప్పలేదు.

గొట్టాలను బల్ల దగ్గరికి పంపే ముందు మళ్ళీ కాచి తేటపరచాలి. దానికి వేడితొట్టి కుండ గదిలోనే ఉంది, ఆవిరి అక్కడే కాబట్టి. గొట్టాలు తొట్టిలో పెట్టి, తీసి, వేడినూనె పోసిన మూత డబ్బాలో దించి, మెట్లెక్కి ఆమెకు అందించేది కుండాయనే. ఎవరూ అప్పజెప్పిన పని కాదు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. తర్వాత దగ్గు కూడా పట్టుకుంది. అప్పటి నుంచి గొట్టాలు ఇంకాస్త త్వరగా తెచ్చి ఇచ్చేవాడు, మధ్యాహ్నానికల్లా పని తెమిలితే కాసేపు వెనక్కి వాలి కూర్చుంటుందని. భార్యను అంతలా చూసుకున్నవాడు ఆ వరస ఇళ్ళలో ఇంకొకడు లేడు. ఆ సంగతి కూడా అతనే చెప్పేవాడు.

కిందటేడు ఒక వారం ఆమె వరసగా ఆరు రోజులు నూటపది అని రాసింది. అంతకుముందు ఎప్పుడూ నూటనాలుగే. ఆమె అంకెను నమ్మి రోలరు వేడి పెంచారు. పొరలో చిల్లులు పెద్దవై మురికి దాటిపోయింది. వారం సరుకంతా వెనక్కి వచ్చింది. పెద్ద లేబొరేటరీ వాళ్ళు అదే మిశ్రమాన్ని కొలిస్తే నూటనాలుగు వచ్చింది. ఇన్‌చార్జి కాగితం రాశాడు. "చూపు తగ్గినందువల్ల కొలతలో తప్పు." కింద అక్క సంతకం.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, కళ్ళద్దాలు కొంగుతో తుడిచి పెట్టెలో పెట్టింది. కుండాయన ఒంటికాలి మీద లేచాడు.

"వాడు అంత మాట రాస్తే సంతకం ఎలా పెట్టావే?"

"పెట్టమన్నాడు, పెట్టాను. మీరు చేతులు కడుక్కు రండి."

"నీ చూపుకేమైంది? సూదిలో దారం ఒక్క తడవలో ఎక్కిస్తావు!"

"చల్లారిపోతోంది, రండి."

అంతే. మళ్ళీ ఆ మాట ఆమె నోట రాలేదు. ప్యాకింగు గదిలో రోజంతా నిలబడి అట్టపెట్టెలకు టేపు వేసింది. అవమానంతో కుంగి మాట పడిపోయిందని కుండాయన లెక్క.

తిరిగొచ్చిన సరుకు తాలూకు గొట్టాలను ఏడాది దాచి, ఆపైన పగలగొట్టాలని నియమం. ఆ ఏడాది శనివారంతో నిండుతోంది. గురువారం పొద్దున పగలగొట్టాల్సిన గొట్టాల జాబితా కూతురి చేతికి వచ్చింది. ఇప్పుడు గొట్టాలు కాచుకుని ఆ బల్ల దగ్గర కూర్చునేది ఆమే. మామయ్యే ఇప్పించాడు. అది కూడా కుండాయన మరిచిపోయే విషయం కాదు.

జాబితా చూడగానే అతను ఇన్‌చార్జి గదికి నడిచాడు, కూతుర్ని వెంటబెట్టుకుని.

"మీ మామయ్యతో చెప్పు. అవి పగలగొట్టే ముందు ఒకసారి కొలవాలి. నా ఎదురుగా, ఆయన ఎదురుగా."

"ఏడాదయ్యాక ఏం కొలుస్తాం బావా?" అన్నాడు ఇన్‌చార్జి.

కుండాయన కూతురి వైపే చూస్తూ చెప్పాడు. "మూతి మూసిన గొట్టం అది. లోపలిది బయటికి పోదు, బయటిది లోపలికి రాదు. ఆ వేళ ఏం చెప్పిందో ఈ వేళా అదే చెబుతుంది. మీ అమ్మ నూటపది అందంటే అది నూటపదే."

తలుపు దగ్గర మోటారాయన నిలబడి వింటున్నాడు. "మనుషులకూ అలా మూతి మూసే వీలుంటే ఎంత హాయి!" అన్నాడు.

"నూటనాలుగు వస్తే?" అన్నాడు ఇన్‌చార్జి.

"జన్మలో నోరెత్తను."

"నూటపది వస్తే?"

కుండాయన ఏడాది తర్వాత మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. "వస్తే ఆ కాగితం చించెయ్యాలి. ఇంకో కాగితం రాయాలి. ప్యాకింగు గదిలో, ఆవిడ నిలబడిన చోట నిలబడి, అందరికీ వినబడేలా చదవాలి. మీ అక్క చూపులో ఏ లోపమూ లేదని."

ఇన్‌చార్జి కాసేపు బల్ల మీది పెన్నును అటూ ఇటూ దొర్లించాడు. "సరే బావా. రేపు పొద్దున."

శుక్రవారం పొద్దున కుండాయన అందరికంటే ముందు వచ్చాడు. కుండ గదికి కిటికీ లేదు. ఆవిరి పోకుండా ఉక్కు తలుపు, దానంతట అదే మూసుకునేలా వెనక బరువు కట్టి ఉంటుంది. లోపలికి అడుగుపెడితే బయట ఎండో వానో తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా అతని పగళ్ళన్నీ ఆ తలుపు వెనకే గడిచాయి.

"గొట్టాలు నేనే పెడతాను. అప్పుడెలా జరిగిందో ఇప్పుడూ అలాగే జరగాలి. రేపు ఎవడూ వంక పెట్టకూడదు" అన్నాడు.

ఆ వారం మొదటి రోజు తయారీ తాలూకు ఆరు గొట్టాలూ తొట్టిలో దించాడు. ఏడాదిగా గడ్డకట్టి మైనంలా తెల్లగా ఉన్నాయి. ముందు అంచులు మెత్తబడ్డాయి, తర్వాత మధ్యలో తెలుపు చిన్నదై కరిగిపోయింది. పది నిమిషాలకు నీళ్ళలా తేటపడ్డాయి. ఒకటి తీసి డబ్బాలో దించి మేడెక్కాడు. మిగతా ఐదూ తొట్టిలోనే ఉంచాడు.

బల్ల చుట్టూ నలుగురు, పిలవకుండానే వచ్చిన మోటారాయనతో కలిపి. కూతురు థర్మామీటరు చదువుతోంది. ఇన్‌చార్జిని గీతకు ఎదురుగా కూర్చోబెట్టారు. కుండాయనే పట్టుబట్టి కూర్చోబెట్టాడు.

"నూట పదిహేను... నూట పద్నాలుగు..."

గీత నల్లగా, నిటారుగా ఉంది.

"నూట పన్నెండు."

గొట్టం అడుగున పొగలాంటిదేదో కదిలింది. ఇన్‌చార్జి ముందుకు వంగాడు.

"నూట పదకొండు. నూటపది."

"మబ్బు" అన్నాడు ఇన్‌చార్జి. అన్నాక, తన నోటి నుంచి వచ్చిందేమిటో అతనికి తెలిసొచ్చింది.

"ఎవరి కళ్ళు?" అన్నాడు కుండాయన. "నావి కాదు కదా? నా కూతురివీ కాదు కదా? ఆ గీత ఎక్కడ మాయమైందో చూసింది ఎవరు?"

ఇన్‌చార్జి తల ఎత్తలేదు. "నేనే బావా."

"మరి మా ఆవిడ గుడ్డిదా?"

"అక్క చూపు మంచిదే" అన్నాడు. "తప్పు నాదే."

కుండాయన ఈ మాట కోసం ఏడాదిగా బతికాడు. విన్నాక ఒళ్ళంతా వేడెక్కింది. ఇంకా వినాలనిపించింది. "ఒక గొట్టంతో సరిపెట్టుకుంటే గాలివాటం అంటారు. ఇంకోటి తెస్తాను, చూడు" అంటూ ఆపేలోపే మెట్లు దిగిపోయాడు. తొట్టిలోంచి రెండో గొట్టం తీసి పట్టుకొచ్చాడు.

"నూట పన్నెండు... నూట పదకొండు... నూటపది."

గీత కనబడుతూనే ఉంది.

"నూట తొమ్మిది."

"కదిలిందా? సరిగ్గా చూడు" అన్నాడు కుండాయన.

"ఏం లేదు బావా. తేటగానే ఉంది."

నూట ఎనిమిది. నూట ఏడు. మోటారాయన టోపీ తీసి తల గోక్కున్నాడు. నూట అయిదు. గీత అలాగే ఉంది, గీసినవాడు ఇప్పుడే గీసి వెళ్ళినట్టు.

"నూటనాలుగు" అంది కూతురు. గొట్టం పాలలా తెల్లబడింది.

ఇన్‌చార్జికి సంతోషమేమీ లేదు, అయోమయంగా రెండు గొట్టాల వైపూ మార్చి మార్చి చూశాడు. "ఒకే తయారీ. ఒకే రోజు మూసిన మూతులు. ఇదేంటి?"

కూతురు మెల్లగా అడిగింది. "నాన్నా, మొదటిది ఎంతసేపటికి తీశావు?"

"తేటపడగానే."

"అంటే?"

"పది నిమిషాలు."

"రెండోది?"

మొదటి గొట్టం చల్లారేదాకా అందరూ ఇక్కడే కూర్చున్నారు. అంతసేపూ రెండోది తొట్టిలోనే ఉంది. ముక్కాలుగంట.

కూతురు మొదటి గొట్టం తీసుకుని లేచింది. "అదే గొట్టం మళ్ళీ చూద్దాం. ఈసారి నేను పెడతాను."

కుండ గదిలోకి ఇద్దరే వెళ్ళారు. ఉక్కు తలుపు వెనక మూసుకుంది. తొట్టి పక్కన గోడకు ఒక రేకు ఉంది. అక్షరాలు సగం ఆవిరికి చెరిగిపోయాయి. ఇరవై ఆరేళ్ళుగా అతను దాని మీద తుడుపుగుడ్డ ఆరేస్తున్నాడు. కూతురు గుడ్డ తీసి పక్కన పెట్టింది. "ముప్పై నిమిషాలు" అన్నంతవరకు చదవడానికి వస్తోంది.

గొట్టం పది నిమిషాలకే తేటపడింది.

"చూడు, నీళ్ళలా లేదూ? ఇంకా ఉంచడం దేనికి?" అన్నాడతను.

"కంటికి అలాగే ఉంటుంది నాన్నా. లోపల పాత పలుకులు కొన్ని పూర్తిగా కరగకుండా మిగులుతాయి. కనబడనంత చిన్నవి. అవి మిగిలితే చల్లారేటప్పుడు కొత్త పలుకులు వాటినే పట్టుకుని ముందుగానే కట్టేస్తాయి. అరగంట ఉంచితే అవీ పోతాయి."

రెక్కలు తిరుగుతున్న చప్పుడు. ఇంకా ఇరవై నిమిషాలు. బయటికి పోవచ్చు, తలుపుకు తాళం లేదు. కానీ అతను పోలేదు. ఇదే గదిలో, ఇదే తొట్టి దగ్గర, ఆ వారం మొదటి రోజున ఆమె మెట్లు దిగి వచ్చింది. దగ్గుతూ గోడ పట్టుకుని నిలబడింది. "ఏమండీ, ఇంకాసేపు ఉంచకూడదూ?" అంది. అతను నవ్వాడు. "నీళ్ళలా ఉంటే ఇంకేం ఉంచేది? నువ్వెళ్ళి కూర్చో, నేను తెస్తాగా" అన్నాడు. ఆమె అతని ముఖంలోకి చూసి, సరే అని మెట్లెక్కింది. ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ ఎక్కింది.

ఏడాదిగా అన్నీ గుర్తుపెట్టుకున్నాడు. ఇది ఒక్కటే గుర్తుకు రాలేదు.

అరగంట నిండింది. మేడ మీద అదే గొట్టం నూటనాలుగు దగ్గర మబ్బు పడింది.

కూతురు తన పై కోటు జేబులోంచి ఒక చిన్న పుస్తకం తీసింది. అమ్మది. అందులో మిగిలిన కాగితాల్లో తను లెక్కలు రాసుకుంటోంది. వెనక్కి తిప్పి ఒక పేజీ దగ్గర ఆపింది. "ఇది ఏంటో నాకు ఇన్నాళ్ళూ అర్థం కాలేదు మామయ్యా."

ప్రతి రోజుకూ ఒక వరస. తేదీ, మబ్బు అంకె, పక్కన ఇంకో అంకె. పేజీ పైభాగమంతా 104, 30. 104, 30. ఆ వారం నుంచి 110, 10. 110, 10. ఆరు రోజులు. వాటి కింద ఇంకేమీ లేదు, ఎవరి పేరూ లేదు.

"అక్కకు తెలుసు" అన్నాడు ఇన్‌చార్జి నెమ్మదిగా. "ఆ రోజు ఆ కాగితం ముందు పెడితే ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. సంతకం ఎక్కడ పెట్టాలి అని మాత్రం అడిగింది. నేను ఒప్పుకుందనుకున్నా."

కడుపులో పెట్టుకుంది. తమ్ముడి ముందు మొగుడి తప్పు బయటపెట్టకుండా కడుపులో పెట్టుకుని, ఐదు నెలలు టేపు వేసింది. ఇంటికొచ్చి, కుండాయన ఆ తమ్ముణ్ణి తిడుతుంటే వింటూ కూర్చుంది. ఎందుకు చెప్పలేదో అడగడానికి ఇప్పుడు ఆమె లేదు. అతని కోపానికి భయపడిందో, జాలిపడిందో అతనికి ఎప్పటికీ తెలియదు. ఈ రెండింటిలో ఏది నిజమైనా అతనికి దిక్కు లేదు.

మోటారాయన టోపీ పెట్టుకుని, "మోటారు చూడాలి" అని గొణిగి వెళ్ళిపోయాడు. ఏ మోటారూ చెడిపోలేదు.

ఇన్‌చార్జి పాత కాగితం తీసి రెండుగా చించాడు. కొత్త కాగితం ముందు పెట్టుకున్నాడు. "అక్క చూపు సరిగ్గా ఉంది, చదివిన అంకె సరైనదే అని రాస్తాను. సాయంత్రం ప్యాకింగులో చదువుతాను, మాట మాటే." పెన్ను కాగితం మీద ఆగింది. "కారణం దగ్గర వేడితొట్టి లోపం అని రాసేస్తాను బావా. పాతది కదా, ఎవరూ అడగరు."

"తొట్టికేం లోపం లేదు" అన్నాడు కుండాయన.

"బావా..."

"కుండాయన గొట్టాలు పది నిమిషాలకే తీశాడు. అలా రాయి."

"అలా రాస్తే నిన్ను కుండ దగ్గర ఉంచరు. పైవాళ్ళు ఊరుకోరు."

"రాయమన్నానా? ఇటివ్వు."

పెన్ను లాక్కుని తనే రాశాడు. పల్లెబడిలో నేర్చిన పెద్ద పెద్ద అక్షరాలు. కింద సంతకం పెట్టాడు. ఎక్కడ పెట్టాలో అడగలేదు.

సాయంత్రం ప్యాకింగు గదిలో ఇన్‌చార్జి కాగితమంతా చదివాడు. కారణం దగ్గర తడబడితే, "గట్టిగా" అన్నాడు కుండాయన వెనక నుంచి. టేపు వేసే ఆడవాళ్ళు చేతులాపి విన్నారు. సోమవారం నుంచి అతనికి అదే గదిలో, గోడ పక్క బల్ల దగ్గర పని వేశారు.

ఆ తర్వాతి ఆదివారం గోడ అవతల కుళాయి ఆగింది. తర్వాత తలుపు చప్పుడైంది. ఇన్‌చార్జి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఏమీ లేదు. కూతురు పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"బావా, ఇద్దరం తప్పే చేశాం. నేను అడగకుండా రాశాను, నువ్వు తెలియక తీశావు. అక్క ఎవర్నీ ఏమీ అనలేదు. మనం మాత్రం ఎన్నాళ్ళు ఇలా? ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం."

కుండాయన కుర్చీలోంచి లేవలేదు. అతన్ని కూర్చోమనలేదు.

"నువ్వు రాసింది నేను మరిచిపోను" అన్నాడు. "నేను చేసిందీ మరిచిపోను. నీకు క్షమాపణ కావాలంటే నా దగ్గర లేదు. నాకే దొరకలేదు."

"అది కాదు బావా, అక్క..."

"ఆవిడ మాట నీ నోట వద్దు, నా నోటా రాదు. అమ్మాయ్, నువ్వూ విను. ఈ సంగతి ఈ ఇంట్లో ఇదే ఆఖరు. ఇకమీదట ఎవరు అడిగినా నేను చెప్పను."